బోర్డక్క ‘పంపెయ్యి’ అన్న రోజు

ఆమెకు అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటి ఉంది. జీతం చీటీ మీదా గుర్తింపు కార్డు మీదా తప్ప అది ఎక్కడా కనపడదు. బస్టాండు వెనక వీధిలో ఆమెను ఎరగనివాళ్ళు లేరు, కాని అందరికీ ఆమె బోర్డక్కే. ఆ వీధిలో సొంత ఊళ్ళకు డబ్బు పంపే దుకాణం ఉంది. అందులో పదిహేడేళ్ళుగా ఆమె రెండో కౌంటరులో కూర్చుంటోంది. పొద్దున షట్టరు ఎత్తగానే స్టూలెక్కి, గోడ మీది నల్లబోర్డు తుడిచి, ఆ రోజు రేటు రాయడం ఆమె పనే. అంకెలు వాటంతటవే మారే బోర్డు కొంటానని యజమాని నాలుగేళ్ళుగా అంటూనే ఉన్నాడు. అతను కొనలేదు, ఆమె స్టూలు దిగలేదు, ఆ పేరూ పోలేదు.

రేటంటే పెద్ద విద్యేమీ కాదు. ఈ దేశం నోటు ఒకటిస్తే సొంత దేశం డబ్బు ఎంత చేతికొస్తుందన్నదే రేటు. తాళ్ళ మీద వేలాడుతూ మేడల అద్దాలు తుడిచేవాడికి ఈ దేశం భాష రాకపోవచ్చు గాని ఆ అంకె మాత్రం నోటికొచ్చు. తన జీతమెంతో ఎవరైనా అడిగితే వాడు ఇక్కడి లెక్కలో చెప్పడు. రేటుతో హెచ్చవేసి, ఇంటి లెక్కలో చెప్పుకుని, అప్పుడు కాస్త తలెత్తుకుంటాడు.

యజమాని చూడ్డానికి శుభ్రంగానే ఉంటాడు. ఇస్త్రీ చొక్కా, సెంటు, నున్నగా గీసిన గడ్డం. కాని కుర్చీలో కూలబడ్డాడంటే చాలు, ఇనప్పెట్టె తాళంచెవి తీసి చెవిలో పెట్టి తిప్పుకుంటాడు. తిప్పి, దాని కొస ఓసారి చూసుకుని, ప్యాంటుకి రాసి, అదే బోర్డక్క చేతిలో పెట్టి “పెట్టె తియ్యమ్మా” అంటాడు. ఆమె దాన్ని కాగితం ముక్కతో పట్టుకుని తీసేది. మొదటి కౌంటరులో కూర్చునే కళ్ళద్దాల పిల్ల పనిలో చేరిన వారానికే, “అక్కా, దీన్ని తాళంచెవి అని ఎందుకంటారో నాకిప్పుడు తెలిసింది” అంది. ఆ రోజు నుంచి అతని వెనక అతని పేరు తాళంచెవి.

అయినా అంతకాలం బోర్డక్కకి ఆ ఉద్యోగమంటే వెగటు లేదు. నూటికి అర వంతు తన కింద ఉంచుకుని, పంపిన డబ్బు సాయంత్రానికి ఇంటికి చేర్చే దుకాణమది. ఎవరైనా కిటికీలోంచి తొంగి చూసి “అక్కా, రేపు పెరుగుతుందంటావా?” అని అడిగితే, “నాకు తెలిస్తే ఈ గాజు వెనక ఎందుకుంటాను నాయనా” అనేది. నవ్వేసి పంపేవాళ్ళు. సలహా చెప్పకపోవడం ఆమె పెట్టుకున్న నియమం. భర్త గోడౌన్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు. ఇద్దరి సంపాదనతో రెండు గదుల అద్దె ఇల్లు, హాస్టల్లో చదువుకునే కొడుకు, నెల తిరిగేసరికి మిగిలే కొంచెం. అలా సాగిపోయేది.

అంతలో ఈ దేశంలో ప్రభుత్వం కుంటుపడింది.

మూడు పార్టీలు కలిసి నడుపుతున్న ప్రభుత్వమది. ఒక పార్టీ తప్పుకుంది. ప్రధానమంత్రి రాజీనామా చేస్తానన్నాడు. రెండు రోజులాగి, ఇంకా ఆలోచిస్తున్నానన్నాడు. ఆర్థిక మంత్రి నిజంగానే దిగిపోయి, పొరుగు దేశానికి విశ్రాంతికి వెళ్ళాడు. టీవీలో నలుగురు కూర్చుని ఒకరి మాట మీద ఒకరు పడి అరిచారు. వీళ్ళు నోరు తెరిచిన ప్రతిసారీ ఈ దేశం నోటు విలువ దిగింది. ఇరవై రెండున్నర దగ్గరున్న రేటు మొదటి వారం ఇరవై ఒకటికీ, రెండో వారం ఇరవైకీ, మూడో వారం పంతొమ్మిదికీ జారింది. జీతం అదే, చేసే చాకిరీ అదే. ఇంట్లో వాళ్ళ చేతికి అందేది మాత్రం తగ్గిపోయింది.

“ఓటెయ్యనిస్తారా మనల్ని? లేదు. వీధిలో నిలబడి తిట్టనిస్తారా? లేదు. వాడు కుర్చీలో అటు కదిలితే చిల్లు మాత్రం మన జేబుకి” అన్నాడు భర్త, అన్నం కలుపుతూ.

“కొంచెం మెల్లగా. పక్కింటికి వినపడుతుంది” అంది బోర్డక్క.

దుకాణంలో వరస వీధి మలుపు దాటింది. సెలవు పెట్టుకుని వచ్చినవాళ్ళు, డ్యూటీ బట్టల్లోనే వచ్చినవాళ్ళు, మెడలు సాగదీసి బోర్డు చూసేవాళ్ళు. ఇంకా పడిపోతుందేమోనని పంపేయాలనుకునేవాళ్ళు కొందరు, లేస్తుందేమోనని ఆగాలనుకునేవాళ్ళు కొందరు. ఆగినవాడు పంపినవాడిని చూసి ఏడుపు, పంపినవాడు ఆగినవాడిని చూసి ఏడుపు.

తాళంచెవి మాత్రం నిగనిగలాడాడు. గంటకోసారి చిన్న చీటీ మీద అంకె రాసి పంపేవాడు, ఆమె స్టూలెక్కి దాన్ని బోర్డు మీద దించేది. బయటి రేటు పంతొమ్మిది ఉంటే దుకాణం రేటు పద్దెనిమిదీ పాతిక. నూటికి అర వంతు కాస్తా నాలుగు వంతులైంది. ఎవడైనా ఫోన్లో అసలు రేటు చూపించి అడిగితే, “అది పెద్ద బ్యాంకులు తమలో తాము ఇచ్చుకునే రేటు బాబూ, మనలాంటి వాళ్ళకి రాదు” అని చెప్పమన్నాడు. అది సగం నిజం. మిగతా సగం అతని ఇనప్పెట్టెలో ఉంది. బోర్డక్క అదే చెప్పింది. చెప్పిన ప్రతిసారీ నాలుక మీద ఏదో చేదు తగిలేది, మంచినీళ్ళు తాగేది.

నాలుగో వారం మంగళవారం పొద్దున అతను ఇద్దరినీ గదిలోకి పిలిచాడు.

“ఇవాళ ఎవరొచ్చినా ఒకటే మాట. రేపటికి పదిహేను అయిపోతుంది, ఉన్నదంతా ఇవాళే పంపుకోండి అనండి. మనవాళ్ళే కదా, నష్టపోతే చూడలేం” అన్నాడు. అని, తాళంచెవి చెవిలో పెట్టాడు.

“మనం సలహాలు చెప్పం కదా సార్” అంది బోర్డక్క.

“సలహా కాదమ్మా, సాయం.”

టీవీ కూడా అదే అంటోంది, పదిహేనని. పేపరూ అదే అంది. పోనీలే, నిజమే కాబోలు అనుకుంది ఆమె. బోర్డు మీద పద్దెనిమిదీ పది రాసింది. పొద్దున్నుంచి పదకొండున్నర దాకా దాదాపు నలభై మందికి పంపెయ్యమని చెప్పింది. పదిహేడేళ్ళుగా ఏ సలహా చెప్పని మనిషి చెబుతుంటే ఇంకెవరు కాదంటారు? దాచుకున్నవి, చేబదుళ్ళు తెచ్చినవి, అన్నీ గాజు కింది సందులోంచి లోపలికి వచ్చాయి.

పదకొండూ నలభైకి సంతకాలకని కాగితాలు పట్టుకుని యజమాని గది తలుపు తోసింది. అతను కిటికీ వైపు తిరిగి ఫోన్ మాట్లాడుతున్నాడు. ఫోను బల్ల మీదుంది, అవతలి గొంతు బయటికే వినపడుతోంది.

“ఒంటిగంటకి ప్రకటన. రాజీనామా లేదు, ఏమీ లేదు. వెళ్ళిపోయిన పార్టీ వెనక్కొస్తోంది. ఇక మీ ఇష్టం” అంది ఆ గొంతు.

“చాలు, చాలు. పన్నెండున్నర దాకా నడిపిస్తే చాలు నాకు. మీ వాటా సంగతి సాయంత్రం” అన్నాడు తాళంచెవి. వెనక్కి తిరిగి ఆమెను చూశాడు. కంగారు పడలేదు. అదే ఆమెకు తరవాత మాటిమాటికీ గుర్తొచ్చేది. ఇంట్లో పిల్లి వచ్చి నిలబడితే ఎవరైనా కంగారు పడతారా? సంతకాలు పెట్టాడు. “వరస పెద్దదిగా ఉంది, త్వరగా కానివ్వమ్మా” అన్నాడు.

ఆమె కౌంటరుకి వచ్చేసరికి కిటికీ ముందు ఆయమ్మ నిలబడి ఉంది.

ఆయమ్మ అంటే మంచాన పడ్డ ఒక ముసలామెను చూసుకునే మనిషి. పదకొండేళ్ళుగా ఒకే ఇల్లు, ఒకే ముసలామె. పొద్దున లేవదీయడం, కడగడం, పక్కకు తిప్పడం, పుళ్ళు పడకుండా వీపుకి పౌడరు రాయడం. నెలనెలా ఇంటికి పంపగా మిగిలినది, ఈ దేశం డబ్బులో అరవై వేలు, దాచింది. సొంత దేశంలో ఒక గది, వంటిల్లు ఉన్న ఫ్లాటు మాట్లాడుకుంది. ఆఖరి వాయిదా ఇంటి లెక్కలో పన్నెండు లక్షల అరవై వేలు. అది కట్టేస్తే తాళాలు చేతికొస్తాయి, ఆమె వెళ్ళిపోతుంది. నెలాఖరు గడువు. రేటు లేస్తుందేమోనని నిన్నటిదాకా ఆగుతూ వచ్చింది.

“అక్కా, ఇవాళ సెలవడిగి వచ్చాను. నువ్వే చెప్పు. పంపనా, ఆగనా?” అంది ఆయమ్మ. సంచీ గుండెలకి పట్టుకునే ఉంది.

బోర్డక్క తల తిప్పింది. గది తలుపు తెరిచే ఉంది. తాళంచెవి గుమ్మానికి ఆనుకుని, చెవిలో తిప్పుకుంటూ, ఇటే చూస్తున్నాడు. ఏదో చెప్పాలనుకుంది. గట్టిగా కూడా అక్కర్లేదు, కళ్ళతో ఒక్క సైగ చేస్తే చాలు, ఆ మనిషి సంచీ తీసుకుని బయటికి నడిచేది. కాని పొద్దున్నుంచి నలభై సార్లు అన్న మాట అలవాటుగా నోట్లోకి వచ్చి కూర్చుని ఉంది. ఉద్యోగం పోతే ఈ దేశంలో ఉండే అనుమతి కాగితం కూడా దాంతోనే పోతుందన్న భయం దాని వెనక నిలబడి ఉంది.

“పంపెయ్యి” అంది.

పద్దెనిమిదీ పది లెక్కన పది లక్షల ఎనభై ఆరు వేలు. ఆయమ్మ రశీదు రెండు చేతులతో తీసుకుని, “నీ పుణ్యమక్కా” అని వెళ్ళిపోయింది.

పన్నెండున్నరకి ‘సిస్టమ్ పని చేయడం లేదు’ అన్న అట్టముక్క కిటికీకి వేలాడదీయించాడు తాళంచెవి. ఒంటిగంటకి టీవీలో ప్రధానమంత్రి నవ్వుతూ కనపడ్డాడు. పక్కన నెల రోజులు అతన్ని బండబూతులు తిట్టిన పార్టీ నాయకుడు. ఇద్దరూ చేతులు పట్టుకుని పైకెత్తారు. సాయంత్రానికి రేటు ఇరవై దాటింది, నాలుగు రోజులకి ఇరవై ఒకటిన్నర. పద్దెనిమిదీ పది లెక్కన చేజిక్కిన నోట్లన్నీ తాళంచెవి పెట్టెలోనే ఉన్నాయి.

ఆ సాయంత్రం తాళంచెవి క్రీం కేకు తెప్పించాడు. తనే కోసి, తనే తెచ్చి, వేళ్ళకంటిన క్రీం నాక్కుంటూ ఆమె బల్ల మీద ఒక ముక్క పెట్టాడు. “బాగా కష్టపడ్డావమ్మా ఇవాళ” అన్నాడు. ఆమె రశీదు పుస్తకాలు సర్దుకుంటోంది. కాసేపటికి చూసుకుంటే కాగితం పళ్ళెం ఖాళీగా ఉంది. తిన్నట్టు ఆమెకు తెలియనే లేదు. బాత్రూములోకి వెళ్ళి కుళాయి విప్పి పుక్కిలించింది. నోట్లో ఆ జిడ్డు పోలేదు. అద్దంలో పెదవి చివర తెల్లగా చిన్న చుక్క. దాన్ని తుడుచుకుంటుంటే, ముఖం తనదిగా అనిపించలేదని కాదు, అచ్చం తనదే అనిపించింది. అదీ అసహ్యం.

భర్తకు చెప్పింది. “నువ్వు చెప్పకపోయినా ఎవరో ఒకరు చెప్పేవారే” అన్నాడు. ఆ మాటకి ఆమె అతని వైపు చూసిన చూపుకి కంచం ముందునుంచి లేచి వెళ్ళిపోయాడు.

వారం తరవాత ఆయమ్మ వచ్చింది. ఆ రోజు వరస లేదు. కళ్ళద్దాల పిల్ల టీ తాగడానికి వెళ్ళింది.

“లక్షా డెబ్భై నాలుగు వేలు తక్కువొచ్చిందక్కా. మిగతాది నెలనెలా కట్టుకోమన్నారు. పద్నాలుగు నెలలు పడుతుంది. ముసలామె కూతురితో చెప్పాను, ఉంటానని” అంది. గొంతులో ఏడుపు లేదు. “ఇంకో నాలుగు రోజులు ఆగి ఉంటే సరిపోయేదట. మా వాళ్ళందరూ నిన్ను తిడుతున్నారు. నేనే అన్నాను, అక్క తప్పేముంది, ఆమెకేం తెలుసు అని.”

తిట్టి ఉంటే బోర్డక్క భరించేది. గాజు మీద ఉమ్మేసినా తుడుచుకునేది.

“నాకు తెలుసు” అంది.

ఆయమ్మకి అర్థం కాలేదు. “ఏం తెలుసు?”

“పెరగబోతోందని. నువ్వొచ్చే ముందే విన్నాను. ఆయన ఫోన్లో మాట్లాడుతుంటే.”

“ఎంత ముందు?”

“పది నిమిషాలు కూడా కాలేదు.”

ఆయమ్మ గాజులోంచి ఆమెను అలా చూస్తూ నిలబడింది. పడుకున్న మనిషిని పక్కకి తిప్పేముందు ఎక్కడ పట్టుకోవాలో చూసుకున్నట్టు, పైనుంచి కింది దాకా చూసింది. తరవాత వెళ్ళిపోయింది. తలుపుకున్న గంట టింగుమంది.

ప్రధానమంత్రి సంబరం మూడు వారాలే. మళ్ళీ పేచీ మొదలైంది. గురువారం సభలో బలం నిరూపించుకోవాలన్నారు. మళ్ళీ రేటు దిగింది, మళ్ళీ వరస మలుపు దాటింది. బుధవారం పొద్దున తాళంచెవి మళ్ళీ ఇద్దరినీ గదిలోకి పిలిచాడు.

“పాత మాటే. ఇవాళే పంపుకోమనండి” అన్నాడు.

బోర్డక్క తలూపింది. బయటికొచ్చి స్టూలెక్కింది. అతనిచ్చిన చీటీ చూసి పంతొమ్మిదీ ఇరవై అని రాసింది. చీటీలో అంతే ఉంది. దాని పక్కనే పెద్ద అంకెలతో ఇరవై అని రాసి, ‘బయట అసలు రేటు’ అని కింద రాసింది. ఇంకా కింద ‘తేడా ఈ దుకాణానిది’ అని రాసింది. సుద్ద విరిగిపోతే మిగిలిన ముక్కతోనే పూర్తి చేసింది.

వరసలో గుసగుసలు లేచాయి. ఆమె స్టూలు దిగలేదు.

“పోయిన నెల నేను మీ అందరికీ పంపెయ్యమని చెప్పాను. చెప్పమంటే చెప్పాను. అప్పటికే పై నుంచి కబురొచ్చింది ఈయనకి. ఇవాళ మళ్ళీ అదే చెప్పమంటున్నారు. రేపేమవుతుందో నాకు తెలీదు. ఈయనకి తెలిసే ఉంటుంది. అత్యవసరం లేనివాళ్ళు వెళ్ళిపోండి” అంది.

ఎవరో చప్పట్లు కొడతారని ఆమె అనుకోలేదు. కాని టైల్స్ మేస్త్రి అలా మీదికొస్తాడని కూడా అనుకోలేదు. ప్రతి నెలా మొదటి తారీఖున వచ్చి, “అక్కా, బాగున్నావా” అని పలకరించే మనిషతను.

“పోయిన నెల నోరు పడిపోయిందా నీకు? నా కొంప ముంచి ఇప్పుడు నీతులా?” అన్నాడు. వేలితో గాజుని టకటకా కొట్టాడు. ఇంకో నలుగురు గొంతు కలిపారు. సగం మంది వెళ్ళిపోయారు. మిగతా సగం, వరస చిన్నదైందని సంతోషించి ముందుకు జరిగారు.

తాళంచెవి కేకలు వేయలేదు. తనే తడిగుడ్డ తెచ్చి బోర్డు తుడిచాడు. “ఆమెకి ఈమధ్య ఒంట్లో బాగుండటం లేదు, ఏమీ అనుకోకండి” అన్నాడు అందరితో, బాధపడుతున్న ముఖం పెట్టి. ఆమె సంచీ అందుకునేసరికి జీతం కవరు సిద్ధంగా ఉంది. పదిహేడేళ్ళ సర్వీసు డబ్బు మాత్రం ఇవ్వనన్నాడు, దుకాణం పరువు తీసినందుకట. కార్మికుల ఆఫీసుకి ఆరు నెలలు తిరిగి సగం రాబట్టింది. కళ్ళద్దాల పిల్ల రెండో కౌంటరులోకి మారింది. వీధిలో ఎదురైతే ఫోను చూసుకుంటూ పక్కకి తిరిగిపోయేది.

అనుమతి కాగితం భర్త పేరు మీదికి మార్చుకోవడానికి నెలన్నర పట్టింది. తరవాత ఒక హోటలు లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసే పని దొరికింది. జీతం తక్కువ. ఆవిరికి ముఖం ఎర్రబడేది.

ఒకరోజు వాన పడుతుంటే పాత వీధిలోంచి వెళ్ళాల్సి వచ్చింది. దుకాణం ముందు మళ్ళీ వరస. అందరి చేతుల్లోనూ పసుపు గొడుగులు. గొడుగుల మీద దుకాణం పేరు. పది వేలు పంపితే గొడుగు ఉచితమట. ఒక గొడుగు కింద టైల్స్ మేస్త్రి. ఆమెను చూసి గొడుగు కొంచెం కిందికి దించుకున్నాడు. ఛీ అనుకుంది ఆమె. వాళ్ళని అందో తనని అందో ఆమెకే తెలియలేదు. బస్సు వచ్చేదాకా తడుస్తూ నిలబడింది.

సర్వీసు డబ్బు చేతికందిన వారం ఆయమ్మ పనిచేసే ఇంటికి వెళ్ళింది. ఆయమ్మ వంటింటి తలుపు దగ్గరికి వచ్చింది, చేతులకి సబ్బు నురగ. బోర్డక్క కవరు ముందుకు చాపింది.

“నువ్వు ఎంత పోగొట్టుకున్నావో అంతా లేదు. సగానికి కొంచెం ఎక్కువుంటుంది.”

బోర్డక్క కాళ్ళ మీద పడటానికి రాలేదు, కళ్ళనీళ్ళు పెట్టుకోలేదు. ఆయమ్మ చేతులు చీరకి తుడుచుకుంది. కవరు తీసుకుంది.

“తీసుకుంటున్నాను. క్షమించానని కాదు. నాకు అవసరం” అంది.

“అలాగే.”

“లోపల ముసలామె ఒక్కతే ఉంది. తిప్పాలి. నా ఒక్కదాని వల్ల కష్టం, భుజం పట్టేసింది. ఒక చెయ్యి వేస్తావా?”

ఇద్దరూ ముసలామెను పక్కకి తిప్పారు. బోర్డక్క పట్టుకుంది, ఆయమ్మ వీపు తుడిచి పౌడరు రాసింది. గదిలో మందుల వాసన, తడి గుడ్డల వాసన. ఆ వాసనకి బోర్డక్క ముక్కు మూసుకోలేదు. ఆ ఏడాదిలో ఆమెకు వెగటు పుట్టించని పని అదొక్కటే.

రెండు నెలలు తిరక్కుండా ఆయమ్మ వెళ్ళిపోయింది. ప్రధానమంత్రి ఇంకా ఉన్నాడు, రాజీనామా సంగతి ఇంకా ఆలోచిస్తున్నాడు. లాండ్రీలో ఆడవాళ్ళు, “నువ్వు అక్కడ పనిచేశావు కదా, ఇవాళ పంపమంటావా?” అని అడిగితే, బోర్డక్క వాళ్ళ ఫోన్లు తీసుకుని అసలు రేటు ఎక్కడ కనపడుతుందో చూపిస్తుంది. “ఇదీ, దుకాణం వాడు చెప్పేదీ పక్కపక్కన పెట్టి చూసుకోండి. ఎవరి మాటా వినొద్దు, నా మాట కూడా” అంటుంది.

మొన్న ఆయమ్మ ఫోన్ చేసింది. కొత్త ఫ్లాటులో వంటింటి కుళాయి కారుతోందట, బాత్రూం తలుపు పూర్తిగా మూసుకోదట, బిల్డరు ఫోనెత్తడట. అరగంట సేపు వాడిని తిట్టిపోసింది. బోర్డక్క దుప్పటి మడతపెడుతూ, ఊఁ కొడుతూ, అన్నీ విన్నది.